ఇంజను ఆయిలు: ఎన్నుకొనుట, నిలువ యుంచుట

బండి కట్టు కాలమున మన పెద్దలు ఇరుసునకు కందెన వేయక బండిని ఊరు దాటనిచ్చెడివారు కారు. ఎద్దులకు శ్రమ తగ్గవలెనన్నను, ఇరుసు అరుగక నిలువవలెనన్నను అదియే యుపాయమని వారెఱుగుదురు. నేడు మన గ్రామములలో దుక్కియు, దమ్మును చాలవరకు ట్రాక్టర్ల పాలయినవి. కోసిన ధాన్యము లారీలమీద మార్కెట్టునకును, మిల్లునకును పోవుచున్నది. సభ్యులలో పలువురు కార్లను, మోటారు సైకిళ్లను గూడ వాడుచున్నారు. వాహనములు మారినవి గాని కందెన యొక్క యవసరము మారలేదు; పైపెచ్చు పెరిగినది.

బండి యిరుసు చెడినచో ఊరి వడ్రంగి పూటలో సరిచేయును. ఇంజను పట్టివేసినచో దానిని పట్టణమునకు చేర్చి, విప్పించి, బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు వేయించి తెచ్చుకొనునప్పటికి నాట్ల యదను దాటిపోవును. పెక్కు ట్రాక్టర్లు అప్పుమీద కొన్నవే. యంత్రము చచ్చినను వాయిదా బ్రదికియే యుండును. ఇంతటి నష్టమునకు కారణము తఱచు ఒక డబ్బా ఆయిలే. తగని ఆయిలు పోయుట, కల్తీ ఆయిలు కొనుట, మంచి ఆయిలునే వానలో నుంచి చెఱచుట, మార్చవలసిన దినమున మార్చకపోవుట అను నాలుగు తప్పులవలన మన యింజన్లు అకాలమృత్యువు పాలగుచున్నవి. ఈ నాలుగును రైతు చేతిలోనివే గనుక, వానిని తొలగించుకొను మార్గములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ఆయిలు చేయు పనులు

ఇంజను ఆయిలు రాపిడిని తగ్గించుటకు మాత్రమేయని పలువురు తలంతురు. అది చేయు పనులు ఐదు. మొదటిది, ఒరసికొను లోహముల నడుమ పలుచని పొరగా నిలిచి వానిని ఒకదాని నొకటి తాకనీయకుండుట. రెండవది, నీటి చల్లదనము చేరలేని పిస్టను అడుగు భాగమునుండియు, బేరింగులనుండియు వేడిని తీసికొనిపోవుట. మూడవది, మసిని, మడ్డిని కడిగి తనలో తేల్చి యుంచుకొనుట. నాలుగవది, పిస్టను రింగులకును సిలిండరు గోడకును గల సందును మూసి, మండిన వాయువు క్రిందికి జాఱకుండ కాపాడుట. ఐదవది, డీజిలు మండుటవలన పుట్టు ఆమ్లములను అణచి, లోహమునకు త్రుప్పు పట్టనీయకుండుట.

మూడవ పనిని చక్కగా గ్రహింపవలెను. డీజిలు ఇంజనులో పోసిన క్రొత్త ఆయిలు కొద్ది గంటలలోనే నల్లబడును. ఇది చెడిన గుర్తు కాదు. మసిని లోపలి గోడలకు పట్టనీయక తనలో మోయుచున్నదనుటకు గుర్తు. రంగు చూచి ఆయిలు మార్చువాడును, రంగు మారలేదని మార్చనివాడును ఇరువురును పొరబడినవారే. ఇంజను నడచిన గంటలే ప్రమాణము గాని రంగు ప్రమాణము కాదు.

ఆముదమునుండి నేటి ఆయిలు వరకు

పాలమూరు, నల్లగొండ సీమల చెలకలలో ఆముదము పండించిన రైతులకు ఒక సంగతి సంతోషము కలిగింపగలదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున (1914–18) విమానములకు అమర్చిన గుండ్రముగా తిరుగు ఇంజన్లలో కందెనగా వాడినది ఆముదమే. అది పెట్రోలుతో సులభముగా కలిసిపోదు. మిక్కిలి వేడిలోను లోహమునంటి యుండును. క్యాస్ట్రాల్ అను ప్రసిద్ధమైన ఆయిలు పేరు గూడ ఆముదమునకు ఇంగ్లీషున గల క్యాస్టర్ అను పేరునుండియే పుట్టినది. అయితే ఆముదము గాలి సోకి, వేడికి కాగి, కొంతకాలమునకు జిగురుగా మారి గట్టిపడును. అందువలన సాధారణ వాహనములలో భూమినుండి తీసిన ముడి చమురును శుద్ధిచేసి చేయు ఆయిలే నిలిచినది.

నేడు డబ్బాలో వచ్చు ఆయిలు కేవలము చమురు కాదు. మూల తైలమునకు అరుగుదలను ఆపునది, మసిని తేల్చునది, ఆమ్లమును అణచునది, నురుగును తగ్గించునది, వేడికి పలుచబడనీయనిది అను పలువిధములైన మందులు చేర్చుదురు. పని జరుగుకొలది ఈ మందులు ఖర్చగును. చమురు చూపునకు చమురుగనే యుండును గాని అందలి బలము తగ్గిపోవును. పొలమునందు సారము తగ్గినను మన్ను మన్నుగనే కనబడుట వంటిదిది. పాత ఆయిలును వడగట్టి మరల పోసికొనుట ఎందులకు పనికిరాదో దీనివలన తెలియగలదు. వడపోత మడ్డిని తీయగలదు గాని ఖర్చయిన మందును తిరిగి తేలేదు.

డబ్బామీది అంకెల యర్థము

డబ్బామీద ఎస్.ఏ.ఇ. 15 డబ్ల్యు–40, 20 డబ్ల్యు–40 అని యుండుటను అందఱును చూచియుందురు. ఎస్.ఏ.ఇ. యనునది అమెరికా దేశమున 1905 లో స్థాపింపబడిన మోటారు ఇంజనీర్ల సంఘము. ఈ అంకెలు ఆయిలు చిక్కదనమును తెలుపునేగాని దాని మంచి చెడ్డలను తెలుపవు.

బెల్లపు పాకమును చూడుడు. పొయ్యిమీద నున్నప్పుడు పలుచగా జారును. చల్లారినకొలది చిక్కబడి గరిటెకు అంటుకొనును. ఆయిలును అంతియే. డబ్ల్యు అను అక్షరము ఇంగ్లీషున చలికాలమునకు గుర్తు. దాని ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత తేలికగా కదలునో తెలుపును. ఆ యంకె తగ్గినకొలది చలిలో ఆయిలు పలుచగా నుండును. వెనుకనున్న అంకె వేడెక్కిన యింజనులో చిక్కదనమును తెలుపును. దీనిని 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమివద్ద కొలుతురు. 30 కంటె 40, 40 కంటె 50 చిక్కనివి.

మన సీమలలో గడ్డకట్టు చలి లేదు గదా, మొదటి అంకెతో మనకేమి పనియని కొందఱందురు. ఇంజను అరుగుదలలో చాల భాగము ప్రొద్దుననే స్టార్టు చేసిన మొదటి క్షణములలో జరుగును. రాత్రి ఆయిలంతయు క్రిందికి దిగియుండును. అది పంపు ద్వారా పైకెక్కి బేరింగులను చేరువఱకు లోహము లోహమును ఒరయును. చల్లగానున్నప్పుడు తేలికగా కదలు ఆయిలు త్వరగా చేరును. స్టార్టు చేసిన వెంటనే బరువు పెట్టక ఒకటి రెండు నిమిషములు నిదానముగా నడువనిచ్చుట ఈ కారణము చేతనే మంచిది.

మన దేశపు ట్రాక్టర్లకు, పెద్ద లారీలకు 15 డబ్ల్యు–40, 20 డబ్ల్యు–40 అను రకములు ఎక్కువ వాడుకలో నున్నవి. నేటి చిన్న కార్లకు 0 డబ్ల్యు–20, 5 డబ్ల్యు–30 వంటి పలుచని ఆయిళ్లను తయారీదారులు నిర్ణయించుచున్నారు. వాని లోపలి సందులు మిక్కిలి సన్ననివి. ఎండలెక్కువయని అందు చిక్కని ఆయిలు పోసినచో అది సకాలమున చేరవలసిన చోటికి చేరదు. ఇంధనము గూడ ఎక్కువ ఖర్చగును.

ఇంజను పాతబడి ఆయిలు త్రాగుచుండగా, కొందఱు 40 మాని 50 పోయుదురు. ఇంకను సాహసించి గేరు పెట్టెకు పోయు 90 ఆయిలు కలుపుదురు. గేరు ఆయిలు అంకెల వరుస వేఱు. అందలి 90 అనునది ఇంజను ఆయిలులో ఇంచుమించు 40 లేక 50 చిక్కదనమునకు సమానము. కాని అందలి మందులు వేఱగుటచే ఇంజనునకు పనికిరావు. పొగ కొన్నాళ్లు తగ్గినట్లు కనబడవచ్చును గాని రింగుల జబ్బు పోదు. కట్టు కట్టవలసిన పుండుమీద గుడ్డ కప్పుట వంటి చికిత్స యిది.

అక్షరముల యర్థము

చిక్కదనపు అంకెల వలె గుణమును తెలుపునవి ఏ.పి.ఐ. అను గుర్తు క్రింది అక్షరములు. ఎస్ తో మొదలగునవి పెట్రోలు ఇంజన్లకు, సి తో మొదలగునవి డీజిలు ఇంజన్లకు ఉద్దేశింపబడినవి. డీజిలు వరుసలో సి.ఎఫ్.–4, సి.జి.–4, సి.హెచ్.–4, సి.ఐ.–4, సి.జె.–4, సి.కె.–4 అని క్రమముగా వచ్చినవి. సి.ఐ.–4 అనునది 2002 లోను, సి.కె.–4 అనునది 2016 చివరను అమలునకు వచ్చినవి. సాధారణముగా వెనుక వచ్చినది ముందటిదానికి బదులుగా పనిచేయును. ఎఫ్.ఏ.–4 అను పలుచని రకము మాత్రము కొన్ని క్రొత్త యింజన్లకే తగును, పాతవానికి పోయరాదు.

లారీలు గల సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. 2020 ఏప్రిల్ 1 వ తేదీనుండి మన దేశమున భారత్ స్టేజి–6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి వచ్చు డీజిలు లారీలలో మసిని పట్టి కాల్చివేయు జల్లెడ యొకటి పొగగొట్టమున నమర్పబడియున్నది. మసి కాలిపోవును గాని, ఆయిలులోని మందులు మండగా మిగులు బూడిద కాలదు. ఆ జల్లెడలోనే పేరుకొనును. అందువలన ఈ లారీలకు బూడిద తక్కువగా నుండునట్లు చేసిన సి.కె.–4 వంటి ఆయిలునే వాడవలెను. పాత లారీకి పోసిన డబ్బాలో మిగిలినదానిని క్రొత్త లారీకి పోయుట మిక్కిలి ఖరీదైన పొదుపు.

ఈ క్రొత్త లారీలలో పెక్కింటికి డీజిలుగాక వేఱుతొట్టిలో యూరియా ద్రావణము పోయవలసి యుండును. అది నూటికి 32.5 పాళ్లు మిక్కిలి శుద్ధమైన యూరియాను ఖనిజములు తీసిన నీటిలో కలిపి చేసినది. పొలమునకు చల్లు యూరియాను బావినీటిలో కరగించి పోసినచో ఆ యమరిక యంతయు చెడును. మన యెరువు యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి చేయబడినదను సంగతి సభ్యులెఱిగినదే గదా.

ఒకచోటి ఆయిలు మఱియొకచోట పనికిరాదు

ట్రాక్టరునందు ఆయిలు ఒకటి గాదు. ఇంజనున కొకటి, గేరు పెట్టెకును వెనుక యిరుసునకును ఒకటి, హైడ్రాలికు ఎత్తుపనిముట్టున కొకటి గలవు. కొన్నిటికి ఈ చివరి రెండును ఒక్కటే. నేటి ట్రాక్టర్లలో పెక్కింటికి బ్రేకులు ఆయిలులో మునిగియుండును. వానికి ప్రత్యేకముగా చేసిన ఆయిలు పోయనిచో బ్రేకు కీచుమనును, పట్టు తప్పును. గట్టుమీద బరువు ట్రక్కు లాగుచుండగా బ్రేకు తప్పినచో నష్టము డబ్బుతో పోవునది కాదు.

మోటారు సైకిలు సంగతియు నిట్టిదే. అందు పెక్కింటికి ఇంజనును, క్లచ్చియు, గేర్లును ఒకే ఆయిలులో తిరుగును. కారునకు పోయు ఆయిలులో జారుడు పెంచు మందు ఉండవచ్చును. దానివలన క్లచ్చి జారును. మోటారు సైకిలునకు కొనునపుడు డబ్బామీద జాసో ఎం.ఏ. లేక ఎం.ఏ.–2 అను గుర్తు చూచుకొనవలెను.

ఏ యంత్రమునకు ఏది పోయవలెనో తీర్పు చెప్పునది దుకాణదారుడు కాదు, పొరుగువాడు కాదు. యంత్రముతో నిచ్చిన సూచనల పుస్తకమే. ఆ పుస్తకమును పట్టా కాగితములతోపాటు భద్రముగా దాచుకొనుడు. అందలి అంకెలను, అక్షరములను, ఎన్ని లీటర్లు పట్టునో, ఎన్ని గంటలకు మార్చవలెనో ఆ వివరములను ఒక రేకుముక్కపై రంగుతో వ్రాయించి యంత్రమునకే తగిలించుట ఉత్తమము. డ్రైవరు మారినను రేకు మారదు.

కొనునపుడు చూడవలసినవి

పేరు పొందిన ఆయిలునకే కల్తీదారు లెక్కువ. పాత డబ్బాలను పోగుచేసి, వాడిన ఆయిలును వడగట్టి, రంగు కలిపి, మూతవేసి యమ్ముట వారి వృత్తి. దీనిని కనుగొనుటకు సభ్యులు ఈ క్రింది నియమములు పాటింపవలెను.

1. మూత సీలు చెక్కుచెదరకుండ నున్నదో లేదో చూడవలెను. మూతక్రింద తడి గాని, జిడ్డు గాని యున్నచో కొనరాదు.

2. తయారుచేసిన తేదీ, బ్యాచి సంఖ్య స్పష్టముగా ముద్రింపబడి యుండవలెను. చెరిపి మరల ముద్రించిన గుర్తులున్నను, కాగితము వంకరగా అంటించియున్నను అనుమానింపవలెను.

3. ఎల్లప్పుడును బిల్లు తీసికొనవలెను. బిల్లులేని ఆయిలువలన ఇంజను చెడినచో అడుగుటకు నోరుండదు. క్రొత్త యంత్రమునకు గల హామీ గూడ పోవచ్చును.

4. బజారు ధరకంటె చాల తక్కువకు వచ్చు ఆయిలు లాభసాటి బేరము కాదు. విత్తనములలో మనము నేర్చిన పాఠమే యిక్కడను వర్తించును.

5. ఆయిలు వాడిన పిదప ఖాళీ డబ్బాను కత్తితో చీల్చి గాని, అడుగున రంధ్రము చేసి గాని పాత సామానువానికి ఇయ్యవలెను. మనము చెక్కుచెదరక అమ్మిన డబ్బాయే కల్తీ సరకుతో మన యింటికి తిరిగి రాగలదు.

ఇంజను బలము పెంచునని, అరుగుదల మాన్పునని చెప్పి చిన్న సీసాలలో అమ్ము మందుల జోలికి పోనక్కరలేదు. కావలసిన మందులు మంచి ఆయిలులో తగిన పాళ్లలో ముందే కలవు. పైన చేర్చినచో ఆ పాళ్లు చెడును. దారిలో ఆయిలు తగ్గి, వాడు రకము దొరకనపుడు అదే యంకె, అదే యక్షరము గల వేఱొక తయారీ ఆయిలు కొంచెము పోసి యిల్లు చేరవచ్చును. దానిని అలవాటుగా మార్చుకొనరాదు.

నిలువ యుంచు పద్ధతి

ఆయిలునకు శత్రువులు నాలుగు: నీరు, దుమ్ము, ఎండ, కలగలుపు. ఈ నాలుగింటిలో నీరు మహాశత్రువు.

210 లీటర్ల పీపాను ఆరుబయట నిలువుగా నిలిపినచో ఏమి జరుగునో వినుడు. వానకు పీపా తలమీద అంచులోపల నీరు నిలుచును. బిరడాలు ఆ నీటిలో మునిగియుండును. పగటి యెండకు పీపాలోని గాలి వ్యాకోచించి బిరడా మరలనుండి కొంచెము వెలుపలికి పోవును. రాత్రి చల్లబడగా లోపలి గాలి సంకోచించి, వెలుపలినుండి పీల్చుకొనును. పైన నీరున్నందున గాలికి బదులు నీటినే పీల్చును. బిరడా గట్టిగా బిగించియున్నను ఇట్లు జరుగును. ఒక వానకాలము గడచునప్పటికి పీపా యడుగున నీరు చేరియుండును. మూత మాత్రము ఎవరును తీసియుండరు.

దీనికి మందు సులభము. పీపాలను కప్పు క్రింద నుంచవలెను. నేలమీద గాక చెక్కలమీద నిలుపవలెను. అడ్డముగా పరుండబెట్టినచో రెండు బిరడాలును గడియారపు ముఖముమీద 3, 9 అంకెలున్న చోట్ల వచ్చునట్లు త్రిప్పవలెను. అప్పుడు రెండును ఆయిలు మట్టమునకు లోబడి యుండి గాలిని పీల్చవు. పీపా దొర్లకుండ రెండు ప్రక్కల చీలలు పెట్టవలెను. తప్పనిసరియై నిలువుగా ఆరుబయట నుంచవలసివచ్చినచో ఒక ప్రక్క చెక్క పెట్టి వాల్చి, నీరు బిరడాలవైపు నిలువకుండునట్లు చేసి, పైన టార్పాలిను కప్పవలెను. నిండు పీపా ఇంచుమించు 200 కిలోల బరువుండును. లారీనుండి దింపునపుడు ఒక్కడే పూనుకొనరాదు, వాలుచెక్కలమీద ఇద్దరు ముగ్గురు కలిసి దొర్లింపవలెను.

ఆయిలు తీయు కొలపాత్ర, గరాటు, చేతిపంపు ప్రతిరకమునకును వేఱువేఱుగా నుండవలెను, మూతతో కప్పియుంచవలెను. జింకుపూత రేకు పాత్రలలో ఆయిలు నిలువ చేయరాదు. ఆయిలులోని మందులు జింకుతో కలిసి సబ్బువంటి మడ్డిగా మారును. పురుగుమందు డబ్బాలలో ఆయిలు గాని, ఆయిలు డబ్బాలలో పురుగుమందు గాని, త్రాగునీరు గాని ఎన్నడును పోయరాదు. దుమ్ము తుడుచుటకు నారలు ఊడు గోనెముక్క గాక శుభ్రమైన నూలుగుడ్డ వాడుడు. పొలములో ఆయిలు పోయుటకు ముందు మూత చుట్టునున్న మట్టిని తుడువక తీసినచో, చిటికెడు ఇసుక లోపల పడి బేరింగులకు ఆకురాయివలె పనిచేయును.

ఎరువుల బస్తాలు, విత్తనములు, ధాన్యము ఉన్న గదిలో ఆయిలు పెట్టరాదు. ఇంజను ఆయిలు పెట్రోలువలె తటాలున అంటుకొనదు. మంచి ఆయిలు ఆవిరి అంటుకొనుటకు సాధారణముగా 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడిమి కావలెను. అయినను ఒకసారి అంటుకొన్న పిమ్మట ఆర్పుట కష్టము. దానిమీద నీరు చల్లినచో మంట చిమ్మి వ్యాపించును. ఇసుక బొక్కెనలు, నురుగు గాని పొడి గాని చిమ్ము ఆర్పుపరికరము గుమ్మమువద్దనే యుండవలెను. జిడ్డుగుడ్డలను మూల పోగుచేయరాదు.

సీలు చెడక, నీడను ఉంచిన ఆయిలు కొన్ని సంవత్సరములు నిలుచును. ఎన్నాళ్లో డబ్బామీద వ్రాసినచో దానినే పాటింపవలెను. ముందు వచ్చినది ముందు పోవలెనను ధాన్యపుకొట్టు నియమమే యిక్కడను మేలు. నిలువయున్న ఆయిలులో నీరు చేరెనని యనుమానము కలిగినచో, వేడిచేసిన యినుప రేకుమీద రెండు మూడు చుక్కలు మాత్రమే దూరమునుండి వేసి చూడుడు. నీరున్నచో చిటపటలాడును, లేనిచో నిశ్శబ్దముగా పరచుకొనును.

మార్చుటయు, దినచర్యయు

ట్రాక్టర్లలో చాలవానికి 250 గంటల కొకసారి ఇంజను ఆయిలు మార్చవలెనని నియమము. కొన్నిటికి ఎక్కువ గంటలు అనుమతింతురు. క్రొత్త యంత్రమునకు మొదటి మార్పు చాల త్వరగా, తఱచు 50 గంటలకే, చేయవలసియుండును. ఏడాదిలో అన్ని గంటలు నడువకపోయినను సంవత్సరమున కొకసారి మార్చుట మేలు. నిలిచియున్న యింజనులో గూడ తేమయు, ఆమ్లమును తమ పని చేయుచునే యుండును. ఆయిలుతోపాటు ఫిల్టరును మార్చవలెను. క్రొత్త ఆయిలు పోసి పాత ఫిల్టరు ఉంచుట స్నానము చేసి మాసిన బట్ట కట్టుట వంటిది. ఇంజను వేడిగా నున్నపుడు పాత ఆయిలు వదలినచో మడ్డి గూడ కొట్టుకొని వచ్చును. చేయి కాలకుండ జాగ్రత్త పడవలెను.

ప్రతిదినము ప్రొద్దున యంత్రమును సమతలమున నిలిపి, స్టార్టు చేయకముందే కొలతపుల్ల తీసి, తుడిచి, మరల ముంచి చూడవలెను. మట్టము రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువయైన ప్రమాదమే, ఎక్కువయైనను ప్రమాదమే. ఎక్కువైన ఆయిలును లోపలి యిరుసు చిలికి నురుగు చేయును, నురుగు కందెన కాదు. ఆయిలు మజ్జిగరంగు తిరిగినచో నీరు కలియుచున్నదని తెలిసికొనుడు. పోయకయే మట్టము పెరిగి, డీజిలు వాసన వచ్చినచో ఇంధనము క్రిందికి దిగుచున్నదన్నమాట. ఈ రెండింటిలో ఏది కనబడినను మెకానికు చూచువఱకు యంత్రమును నడుపరాదు. నడుచుచుండగా ఆయిలు దీపము ఎఱ్ఱగా వెలిగినచో ఇంకొక చాలు దున్ని యాపెదననుకొనరాదు. ఆ చాలే ఇంజనునకు కడపటిది కావచ్చును.

నూర్పిళ్లలోను, మెట్టదుక్కిలోను దుమ్ము విశేషముగా లేచును. ఆయిలుతొట్టి గల గాలి ఫిల్టరున్న ట్రాక్టర్లలో ఆ తొట్టిని అట్టి దినములలో ప్రతిరోజు చూచి, మడ్డి పేరుకొన్నచో శుభ్రము చేసి మరల నింపవలెను. ముక్కు మూసికొనక దుమ్ములో పనిచేయు మనిషి యూపిరితిత్తులు ఎట్లో, ఆ ఫిల్టరు చెడిన యింజనును అట్లే.

పాత ఆయిలు ఏమి చేయవలెను?

ఇది చివర చెప్పుచున్నను చిన్న విషయము కాదు. మార్చిన ఆయిలును కాలువ గట్టున పాఱబోయుట, బోరుబావి చెంత గుంటలో పోయుట మన గ్రామములలో కనబడుచున్నది. కొద్దిపాటి ఆయిలు విస్తారమైన నీటిని త్రాగుటకు పనికిరాకుండ చేయగలదు. నీటిమీద పొరగట్టి గాలి సోకనీయక చేపలను చంపును. మన్నులో ఇంకి పైరు వేళ్లకు గాలిని, నీటిని అందనీయదు. వాడిన ఆయిలులో అరిగిన లోహపు రజనును, క్యాన్సరు కలిగింపగల పదార్థములును ఉండును. అందువలన దానిని పశువుల పుండ్లకు పూయుట, పొయ్యిలో మండించుట, గోడలకు చెదలమందుగా రాయుట మానవలెను. ఆయిలు మార్చినవారు చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. పెట్రోలుతో గాని డీజిలుతో గాని కడుగుకొనరాదు. పిల్లలను ఆ పనికి పెట్టరాదు.

2016 లో వచ్చిన అపాయకర వ్యర్థముల నిబంధనల ప్రకారము వాడిన ఆయిలు అనుమతి పొందిన శుద్ధికారులకే చేరవలెను. 2024 ఏప్రిల్ 1 నుండి, ఆయిలు తయారుచేయువారే వాడిన ఆయిలును తిరిగి శుద్ధికి చేర్చు బాధ్యత వహింపవలెనను నియమము గూడ అమలైనది. వాడిన ఆయిలును మరల శుద్ధిచేసినచో మంచి మూల తైలము తిరిగి వచ్చును. కావున అది చెత్త కాదు, సరకు. అయితే నీరు, డీజిలు, పురుగుమందు కలిసినచో ఆ విలువ పోవును. మూతగల డబ్బాలో వేఱుగా పోసి యుంచవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒక్కొక్క డబ్బా కొనునపుడు బేరమాడు బలము లేదు, సరకును పరీక్షించు సాధనము లేదు. సంఘముగా కొన్నచో రెండును గలవు. మాదిరికి, ఒక సంఘమున ఒకే రకము ఆయిలు పట్టు ట్రాక్టర్లు 25 ఉన్నవనుకొందము. ఒక్కొక్కదానికి మార్పునకు 8 లీటర్లు, సంవత్సరమునకు మూడు మార్పులు అని లెక్కించినచో 600 లీటర్లగును. అనగా ఇంచుమించు మూడు పీపాలు. తయారీదారుని అధికృత పంపిణీదారునుండి నేరుగా తెప్పించుటకు ఇది చాలును. ధరలో కలిసివచ్చునదానికంటె కల్తీ భయము తొలగుటయే గొప్ప లాభము.

దీనికై రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విషయములను చర్చించి తీర్మానింప వచ్చును.

మొదటిది: సభ్యుల యంత్రముల పట్టిక తయారుచేసి, ఏ రకము ఆయిలు ఎంత కావలెనో లెక్క తీయుట. అందఱకును ఒకే పీపాలోనిది అంటగట్టుట తగదు. వేఱు రకము పట్టు యంత్రములకు వేఱు డబ్బాలే తెప్పింపవలెను.

రెండవది: వచ్చిన ప్రతి పీపాయొక్క బ్యాచి సంఖ్యను, వచ్చిన తేదీని, ఎవరికి ఎన్ని లీటర్లు ఇచ్చినదియు రిజిస్టరున వ్రాయుట. ప్రతి పీపానుండి తెరచిన దినముననే ఒక సీసా నమూనా తీసి, ఇద్దరు సభ్యుల యెదుట సీలువేసి దాచుట. తగవు వచ్చినపుడు మాటకు బదులు సీసా సాక్ష్యము పలుకును.

మూడవది: గిడ్డంగిలో ఎరువులకు దూరముగా ఒక చిన్న గదిని, చెక్కలను, ఇసుక బొక్కెనలను ఏర్పాటు చేయుట.

నాలుగవది: పాత ఆయిలునకు ఒక మూతగల పీపాను వేఱు రంగు వేసి యుంచి, క్రొత్త ఆయిలు కొను సభ్యుడు పాతది తెచ్చి యప్పగించు నలవాటు చేయుట. నిండిన పీపాను అనుమతి పొందిన శుద్ధికారునికే యమ్మి, వచ్చిన సొమ్మును సంఘపు లెక్కలలో జమకట్టుట.

ఐదవది: తొలకరికి ముందొకసారి, కోతలకు ముందొకసారి ఒక అనుభవజ్ఞుడైన మెకానికును పిలిపించి, సభ్యుల డ్రైవర్లకు కొలతపుల్ల చూచుట, ఫిల్టరు మార్చుట చేతితో చేయించి నేర్పించుట.

ఈ పనులలో ఏదియు పెద్ద పెట్టుబడి కోరదు. కోరునది క్రమశిక్షణయు, ఒకరిపై నొకరికి నమ్మకమును. ఆ రెండింటి పునాది మీదనే మన సహకార సంఘములు నిలిచియున్నవి. తొలకరి మేఘము కనబడిన పిమ్మట పరుగులెత్తుటకంటె, ఈ నెలలోనే సభ్యులు తమ యంత్రముల పుస్తకములు తీసి చూచి, వివరములను సంఘ కార్యాలయమున నమోదు చేయింతురు గాక.